అమావాస్య ముందు రోజు నేను ఆపిన మూడో పని

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు చేసే మా గదిలో కొన్నాళ్ళు ఒక కథ చెప్పుకున్నారు. ఒక అమ్మాయి తొందరపడి లాప్‌టాప్ మూత మూసేసి, రెండు రోజుల పని పాడు చేసుకుందట. ఆ కథ పుట్టించింది నేనే. అందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు.

ఆ అమ్మాయిది పెనుకొండ. నేను హిందూపురం నుంచి వస్తాను. రోజూ ఒకే రైలు. అప్పటిదాకా ఆమె పని నాలాంటి వాళ్ళు గీసే బొమ్మలకు గ్రాఫులో చుక్కలు నింపడమే. సొంతంగా మొదటిసారి కొంగుకు సీతాఫలాల వరస గీసింది. మగ్గాల యజమాని షావుకారు అది చూసి, మగ్గానికి పనికొచ్చేలా గ్రాఫు తీసుకురమ్మన్నాడు. నచ్చితే ఇక నుంచి డిజైన్లు గీసే పని ఆమెకే ఇస్తానన్నాడు.

మా లాప్‌టాప్‌లో ఒక ఏఐ ఏజెంటు ఉంది. మనం మాటల్లో చెబితే చాలు, పెద్ద పనులు వెనకాల నడిపిస్తుంది, ముందు మనం వేరే పని చేసుకోవచ్చు. ఆమె సోమవారం పొద్దున సీతాఫలాలను దానికి అప్పజెప్పింది. ఒక్కో పోగుకు ఏ రంగు కుదురుతుందో వెతుక్కుంటూ బుధవారానికి ముగిస్తుందని చెప్పి, సాయంత్రం కాస్త ముందుగానే వెళ్ళిపోయింది.

మంగళవారం అమావాస్య. మా వైపు ఆ రోజు మగ్గం ముట్టరు. ముందు రోజు సాయంత్రమే పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె తీసి పక్కన పెట్టి, మగ్గం మీద గుడ్డ కప్పి, ఊదొత్తి వెలిగిస్తారు. ఆ సోమవారం సాయంత్రం పక్క షెడ్డులో ఒక్కో మగ్గం చప్పుడు ఆగుతోంది. గదిలో మాత్రం లాప్‌టాప్ ఫ్యాను గుయ్యిమంటోంది. పాత చీరల ఫొటోలు చూపించే పని ఒకటి ఇరుక్కుపోయి ఉంది, నేను ఆపాల్సింది అదొక్కటే. కానీ అన్నీ ఆగుతున్న ఆ సాయంత్రం నా చేతికి కూడా అదే పట్టింది. వెనకాల నడిచేవి ఆపెయ్ అని టైపు చేశాను.

అది ఊరికే ఆపలేదు. మూడు పనులు నడుస్తున్నాయని అంకెలు వేసి చూపించింది. ఏది ఆపాలి అని అడిగింది. రైలుకు టైమవుతోంది. చదవకుండానే 'అన్నీ' అని కొట్టాను. మూడోది సీతాఫలాలు.

బుధవారం షావుకారు వచ్చి కూర్చున్నాడు. గ్రాఫు లేదు. సగంలో ఆగిన పని ఏమీ మిగల్చలేదు. తెర మీద చివరి మాట నాదే. ఎవరూ చూడకముందే తెర మీది ఆ కిటికీ మూసేసి, పోయేటప్పుడు అమ్మాయి లాప్‌టాప్ మూత మూసినట్టుంది, పని ఆగిపోయింది అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. షావుకారు, తొందర లేదులేమ్మా, ముందు చుక్కలు బాగా నేర్చుకో అని లేచిపోయాడు.

ఆ తర్వాత షెడ్డులో అందరికీ అదే వేళాకోళం. టీ గ్లాసు ఇచ్చినా, అన్నం డబ్బా తెరిచినా, మూత జాగ్రత్త అనేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వే నన్ను పదిహేను రోజులు పీక్కుతింది.

ఒక సాయంత్రం రైల్లో చెప్పేశాను. ఆమె కిటికీ బయటికి చూస్తూ వేరుశనక్కాయలు వొలుచుకుంటోంది.

"ఆ పొద్దే సూసినానన్నా. ఎవురు ఏం చెప్పి ఆపినారో ఆ ఏజెంటు అంతా రాసి పెట్టుకుంటాది. నువ్వు కిటికీ మూసినా ఆడ ఉండాది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే చాడీ అంటారు. నువ్వెప్పుడు చెప్తావా అని సూస్తాండా." నాలుగు కాయలు నా చేతిలో పెట్టింది. "అయినా నాకు చెప్తే ఏం లాభం? షావుకారికి చెప్పుపో."

పెనుకొండలో ఆమె దిగిపోయింది. హిందూపురం దాకా ఆ కాయలు నోట్లో పెట్టుకోలేకపోయాను.

మర్నాడు మగ్గాల వాళ్ళందరూ టీ తాగే వేళ, షావుకారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంత వయసొచ్చి అబద్ధమాడావా అని తిడతాడనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఏమప్పా, మూడు లైన్లు చదవడానికి అంత బద్ధకమా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఈసారి నన్ను చూసి. హాయిగా అనిపించింది.

తర్వాత ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, మళ్ళా పెట్టు ఆ సీతాఫలాలు. ఈసారి అయ్యేదాకా నేను ఆగుతా," అన్నాడు.

పెట్టింది. ఆ రెండు రోజులూ లాప్‌టాప్ పక్కకు నన్ను రానివ్వలేదు, నాకు మంచినీళ్ళ చెంబు కూడా ఆమే అందించింది. గ్రాఫు వచ్చాక షావుకారు ఆకుపచ్చ పోగు ఒక్కటి మార్చమన్నాడు. మిగతాదంతా బాగుందన్నాడు. ఇప్పుడు మా గదిలో బొమ్మలు గీసేది ఆమె. వాటికి చుక్కలు నింపేది నేను.