అన్నం తినే చెయ్యి

భూమి కదిలిన ఆదివారం పొద్దున అండమాన్ దీవుల్లోని మా వండూర్‌లో అందరూ ఏదో ఒకటి పట్టుకుని గుట్టెక్కారు. కొందరు బంగారం, కొందరు ఇంటి కాగితాలు, పక్కింటాయన టీవీ. నేను మూడేళ్ళ పాపని చంకనెత్తుకుని పరిగెత్తాను. మా అత్త మాత్రం చద్దన్నం గిన్నె పట్టుకొచ్చింది. కింద సముద్రం ఊళ్ళోకొచ్చి, కొబ్బరిచెట్ల మధ్య తిరిగి, మళ్ళీ వెనక్కి పోతోంది. మేమంతా దాన్ని చూస్తూ ఏడుస్తున్నాం. ఆవిడ ఒక బండ మీద కూర్చుని, మనవరాలిని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టడం మొదలెట్టింది.

"ఇప్పుడేటత్తా ఇది!" అని అరిచాను.

"సముద్రం వొచ్చిందని గుంటకి ఆకలెయ్యదేటి?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు నవ్వు రాలేదు. నేను సగం కాపురం మా ఆయనతో చేశాను, సగం ఆవిడతో చేశాను. గొడవలన్నీ ఆవిడ వాటాలోనే పడ్డాయి.

పాప పుట్టగానే ఏడవలేదు. మెదడుకి కాసేపు గాలి అందలేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. కుడి చెయ్యి పిడికిలి బిగించుకుని గుండెకి అంటుకుని ఉండేది. కుడి మడమ నేలకి ఆనేది కాదు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా తడబడుతూ వచ్చాయి. కానీ కళ్ళు మాత్రం ఇంట్లో ఎవరు ఏం దాచుకున్నారో కనిపెట్టే కళ్ళు. బిస్కెట్ల డబ్బా ఏ మూల పెట్టినా చూపులతోనే పట్టించేది.

సునామీ తర్వాత వండూర్‌లో మా నేల కుంగింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు వాకిట్లోకొచ్చి, వంటింటి గడప తడిపి పోయేవి. కొన్నాళ్ళు ఓర్చుకుని, పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి, బతు బస్తీలో ఒక చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాం. ముందు కొట్టు, వెనక రెండు గదులు. మా అత్తకి సముద్రం కనబడని ఇల్లు నచ్చలేదు. నాకు మాత్రం అదే హాయిగా ఉండేది. రాత్రి నిద్ర పట్టేది, తలుపు తీస్తే మనుషులు కనబడేవారు.

ఆ రోజుల్లో దీవులకి రకరకాల మనుషులొచ్చారు. బియ్యం, దుప్పట్లు పంచినవాళ్ళు పంచి వెళ్ళిపోయారు. పిల్లల కోసం వచ్చినవాళ్ళలో ఒకావిడ మాత్రం ఉండిపోయింది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్. సముద్రం అవతలి మెయిన్‌లాండ్ మనిషి, హిందీ మాట్లాడేది, అందరికీ దీదీ. మా అత్త ఆవిడకి ఆటల డాక్టరని పేరు పెట్టింది. పేరు పెట్టడానికి కారణం లేకపోలేదు. వారానికి రెండుసార్లు పాపని బస్సులో తీసుకెళ్తే, ఆవిడ చాప మీద కూర్చోబెట్టి గోధుమపిండి ముద్ద పిసికించేది, బట్టల క్లిప్పులు తాడుకి పెట్టించి తీయించేది, రెండు చేతులతో బంతి దొర్లించమనేది. మందు లేదు, సూది లేదు.

నాకు మాట నాలిక మీద నిలవదు. మొదటి నెలలోనే అడిగేశాను. పిండి మా ఇంట్లో లేదా, క్లిప్పులు మా దండెం మీద లేవా, దీనికి బస్సెక్కి రావాలా అని. దీదీ నవ్వింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పిల్ల చేసుకోవాల్సిన పనులుంటాయి కదా, తినడం, బట్టలు తొడుక్కోవడం, ఆడుకోవడం, అవి తనంతట తను చేసుకునేలా చూడ్డమే నా పని అంది. అయితే మరి అన్నం తినడం నేర్పించండి అన్నాను. అదే మాకు కావలసింది.

ఎందుకంటే బడి గొడవ నడుస్తోంది. మా వీధి చివరి బడిలో పెద్ద టీచరు పాపని చేర్చుకోడానికి ఒప్పుకుంది. నడక నిదానమైనా ఫర్వాలేదంది, మాట తడబడినా ఫర్వాలేదంది. ఒక్కటే షరతు పెట్టింది. మధ్యాహ్నం భోజనం తనంతట తను తినాలి, అంతమంది పిల్లల్లో ఒక్కదానికి కూర్చుని పెట్టేవాళ్ళు లేరు. బళ్ళు తెరిచేలోగా నేర్పించి తీసుకురమ్మంది. నేర్వకపోతే ఇంకో ఏడాది. ఆ ఇంకో ఏడాది తర్వాత వయసు మీరిందని ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. వీధిలో పిల్లలందరూ సంచులు తగిలించుకుని పోతుంటే పాప కొట్టు గుమ్మంలో నిలబడి చూసేది. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని.

దీదీ ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. మామూలుగా ఎలా తింటుందో అలాగే తినిపించండి, నేను చూస్తాను అంది. మా అత్త పొంగిపోయింది. చేపల పులుసు చేసి, ముళ్ళన్నీ తీసి, గోరువెచ్చటి అన్నంలో కలిపి, పాపని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. ఆవిడ అన్నం పెడితే ఒక్క మెతుకు కింద పడదు. అది ఆవిడ గొప్ప. దీదీ గోడకానుకుని మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా మాట్లాడకుండా చూసింది.

అంతా అయ్యాక, "మాజీ వో హాథ్ క్యోం పకడ్తీ హై?" అని నన్నడిగింది. అమ్మగారు ఆ చెయ్యి ఎందుకు పట్టుకుంటోందని.

అప్పుడు నేనూ చూశాను. చూడ్డమంటే, రోజూ చూసేదే. పాప ఎడం చెయ్యి మా అత్త ఎడం పిడికిట్లో ఉంది. వదిలితే అది కంచంలోకి వెళ్తుంది. అందుకని పాలు మాని అన్నం మొదలెట్టిన నాటినుంచి ఆవిడ ఆ చేతిని పట్టుకునే తినిపిస్తోంది. ఆవిడ లేనప్పుడు నేనూ అంతే.

"అది ఎడం చెయ్యి కదా దీదీ!" అన్నాను. ఇంకేం చెప్పాలి? ఎడం చేత్తో అన్నం ముట్టుకోకూడదు. మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి మొదట నేర్పేది అదే.

దీదీ మెల్లిగా వచ్చి, మా అత్త పిడికిలి మీద చెయ్యి వేసి, "ఛోడ్ దీజియే మాజీ" అంది. అత్త వదిలింది. కంచంలో చివరి మెతుకులు ఉన్నాయి. పాప చెయ్యి కదల్లేదు. ఎవరూ పట్టుకోకపోయినా అక్కడే, ఒళ్ళో, వేళ్ళు ముడుచుకుని కూర్చుంది. పిల్లకున్న ఒక్క మంచి చెయ్యి అది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోడానికి కంచం తీసుకుని పెరట్లోకి పోయాను.

దీదీ ఒకటే చెప్పింది. ఎడం చెయ్యి తింటుంది, కుడి చెయ్యి కంచం అంచు పట్టుకుంటుంది. రెండిటికీ పనుంది. మా అత్త ఒప్పుకోలేదు.

"కుడిసెయ్యి బాగుసెయ్యమంటే ఎడంసేత్తో బువ్వ తినమంతాదేటే ఈవిడ? రేపు పెల్లిలో పదిమందిలో కూకుని ఎడంసేత్తో తింతే ఏటంతారు?"

"ముందు బళ్ళో కూచోనీ అత్తా, పెళ్ళిలో తర్వాత కూచుంటుంది."

"నాను సూణ్ణేను."

"చూడొద్దు. అటు తిరుగు."

నిజంగానే తిరిగింది. మర్నాటి నుంచి పాప భోజనానికి కూర్చోగానే ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేది. లేచి పోవచ్చు కదా, పోదు. వీపు మాకు చూపిస్తూ, చెవులు మాత్రం ఇటే పెట్టి అక్కడే ఉండేది. మా ఆయన కొట్లోంచి తొంగిచూసి, అమ్మ చెప్పిందీ నిజమే, దీదీ చెప్పిందీ నిజమే అని మళ్ళీ కొట్లోకి పోయేవాడు. అలాంటి మనిషితో గొడవ పడ్డానికి కూడా వీలుండదు.

మొదటి రోజులు ఘోరంగా గడిచాయి. స్టీలు కంచం నేల మీద జారిపోయేది. దీదీ చెప్పినట్టు కింద తడిగుడ్డ వేస్తే నిలిచింది. కుడి పిడికిలి తెరవడానికి ముందు అరచేతిని, మణికట్టుని కాసేపు నెమ్మదిగా ఆడించి, వేళ్ళు ఒక్కొక్కటి విప్పి అంచు మీద పెట్టేదాన్ని. పాప నవ్వినా కోపం తెచ్చుకున్నా పిడికిలి మళ్ళీ బిగిసిపోయేది. ఎడం చెయ్యికి దారి తెలియదు. మెతుకులు గడ్డం మీద, మెడలో, గౌనులో పడేవి. నోట్లోకి పోయేవి తక్కువ. పెరట్లో కాకులు మాత్రం బాగుపడ్డాయి. కింద పడిన అన్నం ఊడుస్తుంటే మా అత్త గోడతో చెప్పేది, తన చిన్నప్పుడు బియ్యం తెచ్చే ఓడ ఆలస్యమైతే ఎన్నాళ్ళు గంజి తాగి బతికారో. నాకు వినబడాలనే చెప్పేది. నేను వినబడనట్టు ఇంకా గట్టిగా ఊడ్చేదాన్ని.

ఒకరోజు సరుకులు దించుకోడానికి నేను ముందు కొట్లో ఉండాల్సి వచ్చింది. పని అయ్యి లోపలికి వస్తే పాప నిద్రపోతోంది. మా అత్త వంటింట్లో తలుపువైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఎదురుగా కంచం. కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని, ఎడం చేత్తో అన్నం తింటోంది. తినడం కాదు, తిప్పలు పడుతోంది. ముద్ద నోటిదాకా వచ్చి విడిపోతోంది. చీర నిండా మెతుకులు. అరవై దాటిన మనిషి, దేవుడి పటం ముందు ఎడం చెయ్యి కదపని మనిషి.

నన్ను చూసి దొంగ దొరికినట్టు అయిపోయింది. తర్వాత తనే తేరుకుని గదమాయించింది.

"ఏటలగ సూత్తావు? ఇది మనవనుకున్నంత సులువు కాదే. పలచగ కలిపితే నిలవదు. గట్టిగ కలపాల. గుంట ఎంత కట్టపడతందో నీకేటి తెలుసు!"

నాకేమీ తెలియదట! రోజూ ఆ గుంట ఎదురుగా కూర్చునేది నేను. గోడవైపు తిరిగి కూర్చునేది ఆవిడ. మామూలు రోజైతే అక్కడే తేల్చుకునేదాన్ని. ఆ రోజు ఆవిడ పక్కన కూర్చుని చీర మీది మెతుకులు ఏరాను. ఆ రాత్రి నుంచి ఆవిడ గోడవైపు తిరగలేదు.

బడి తెరిచారు. పెద్ద టీచరు మొదటి రోజు మధ్యాహ్నం చూసి నిర్ణయిస్తానంది. నేను వెళ్ళాను. మా అత్త రాకుండా ఉంటుందా, మంచి చీర కట్టుకుని మరీ వచ్చింది. ఇద్దరం గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాం. వరండాలో పిల్లలు వరసగా కూర్చున్నారు. అన్నం, పప్పు వడ్డించారు. పాప కంచం కింద టీచరే తడిగుడ్డ వేసింది. పాప కుడి చెయ్యి పైకి లేపి, అంచు వెతుక్కుని, పట్టుకుంది. ఎడం చేత్తో కలిపింది. మొదటి ముద్ద సగం కింద పడింది. రెండోది నోట్లోకి పోయింది.

పక్కనున్న పిల్ల ఊరుకోలేదు. "మేడం, దేఖో, యే ఉల్టే హాథ్‌సే ఖాతీ హై!" అని అరిచింది. ఎడం చేత్తో తింటోందని. వరసంతా తిరిగి చూసింది. నవ్వులు మొదలయ్యాయి. పాప చెయ్యి ఆగిపోయింది. నెమ్మదిగా ఒళ్ళోకి వెళ్ళిపోయి, వేళ్ళు ముడుచుకుంది.

టీచరు లేచేలోగా నా పక్కనుంచి ఒక కేక లేచింది. మా అత్త గొంతు ఒకప్పుడు ఒడ్డునుంచి పడవల్ని పిలిచిన గొంతు.

"ఏ లడ్కీ! వో ఉల్టా హాథ్ నహీ! వో ఉస్కా ఖానేకా హాథ్!"

అది ఎడం చెయ్యి కాదు, దాని అన్నం తినే చెయ్యి. వరండాలో నవ్వులు ఆగిపోయాయి. ఆ కేకకి పెద్ద టీచరు కూడా ఒకసారి ఉలిక్కిపడింది. పాప తల తిప్పి వాళ్ళ నానమ్మని చూసింది. తర్వాత చెయ్యి ఒళ్ళోంచి తీసి, కంచంలో పెట్టింది.

పాప అన్నం పూర్తయ్యేసరికి మిగతా పిల్లలంతా చేతులు కడుక్కుని ఆటలకి పోయారు. పెద్ద టీచరు గేటు దగ్గరికొచ్చి, రేపట్నుంచి మీరిద్దరూ రాకండి, పాప ఒక్కతే చాలు అంది. ముఖ్యంగా మా అత్తవైపు చూస్తూ అంది. పాప వరండాలోంచి మాకు చెయ్యి ఊపింది. రమ్మని కాదు, పొమ్మని. నాకు పట్టలేని సంతోషమేసింది.

ఇంటికొచ్చి ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. అన్నంలోంచి ఆవిరి వస్తోంది. పాప పుట్టాక మధ్యాహ్నం వేడన్నం ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం ఇద్దరికీ అదే మొదటిసారి. పాప తిన్నాక మిగిలిన చల్లటిదే మా భోజనం. మా అత్త అలవాటు కొద్దీ పులుసు పోసి, ముళ్ళు తీసి, గట్టిగా కలిపి ముద్ద చేసింది. చేశాక ఎదురుగా ఎవరూ లేరు. ముద్ద చేతిలో పట్టుకుని ఖాళీ చాపవైపు చూసింది.

తర్వాత ఆ ముద్ద నా నోటి ముందు పెట్టింది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ అన్నం పెట్టని చెయ్యి. నోరు తెరిచాను. ఏడుపొస్తుంటే నమలడం కష్టమైంది.

"ఉప్పు తక్కువైందత్తా," అన్నాను.

"నోర్ముయ్యి, తిను," అని రెండో ముద్ద కలిపింది.