చచ్చిన రాజుగారికి వన్స్ మోర్

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. కావాలంటే తెనాలి కాలవలో పీకల్లోతు నీళ్ళలో నిలబడి మరీ చెబుతాను. నన్నెరిగినవాళ్ళు మాత్రం, "వాడు నిలబడితే నీళ్ళు కూడా అబద్ధమే అయ్యుంటాయి" అంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి. సొంత పరువు తీసుకోవడానికి ఎవడైనా అబద్ధమాడతాడా? ఏడు సముద్రాల అవతల, తెల్లవాళ్ళ మధ్య, ఒక్క కేకతో మా వంశం పరువునీ, ఖాయమవబోయే నా పెళ్ళినీ, పాపం ఒక రాజుగారి చావునీ కలిపి ఎలా పాడుచేశానో చెబుతాను, వినండి.

డెబ్బైల మొదట్లో సంగతి. ఆ రోజుల్లో తెనాలి నుంచి ఎవరైనా మద్రాసు వెళ్తుంటేనే సగం వీధి స్టేషనుకొచ్చి కళ్ళు తుడుచుకునేది. అలాంటిది మా మావయ్య పెళ్ళాంతో, కూతురితో సహా లండన్ బయల్దేరాడు. మావయ్యంటే మా అమ్మకి పెద్దన్నయ్య, కొల్లూరు లంకల్లో అరటితోటల ఆసామి. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నమావయ్య, లండన్‌లో డాక్టరు. "ఒక్కసారి వచ్చి చూసిపోండి" అని ఆయన ఏళ్ళ తరబడి పిలుస్తుంటే, ఆ ఏడు అరటి విరగకాసి మావయ్యకి ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చింది గానీ ఇంగ్లీషు రాలేదు. అందుకని నన్ను తోడు రమ్మన్నాడు.

నా అర్హత ఏమిటంటారా? బాపట్లలో చదువుకునేటప్పుడు, లండన్ వెళ్ళొచ్చిన ఒక లెక్చరరుగారి ఎదురింట్లో అద్దెకున్నాను. ఆయన బూట్లు వరండాలో ఎండలో పెట్టుకోవడం రోజూ చూసేవాణ్ణి. ఆ ముక్క నా నోట పడి మావయ్య చెవికి చేరేసరికి, "లండన్ ఆచారాలన్నీ కొట్టినపిండి" అని మారింది. గోరంతను కొండంత చేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నాకు గోరు కూడా అక్కర్లేదు.

అసలు నా ఆరాటం లండన్ కోసం కాదు. కమల కోసం. కమల మావయ్య కూతురు. చిన్నప్పట్నుంచీ అది నా పెళ్ళామని చుట్టాలంతా అంటూనే ఉన్నారు గానీ, తీరా ముహూర్తాల వయసొచ్చాక అత్తయ్య కళ్ళు రేపల్లె సంబంధం మీద పడ్డాయి. కుర్రాడు బుద్ధిమంతుడట. నోరు విప్పితే అబద్ధం రాదట. అసలు నోరే విప్పడట. కమల మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు. అడిగితే జడ కొస చూసుకునేది.

ప్రయాణానికి ముందు మావయ్య నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఒరే అల్లుడూ, మీ అత్తయ్య నిన్ను నమ్మట్లేదురా."

"మరి మీరు, మావయ్యా?"

"నేనూ నమ్మట్లేదనుకో. కానీ మా చెల్లెలి కొడుకువి, ఒక అవకాశమిస్తా. అక్కడ నా పరువు కాపాడి మమ్మల్ని క్షేమంగా తీసుకొచ్చావా, శ్రావణంలో పిల్ల నీది. ఏదైనా తేడా వచ్చిందా, రైలు దిగగానే రేపల్లెకి కబురెళ్తుంది."

"మీ పరువు నా ప్రాణం మావయ్యా!"

"అదేరా నా భయం" అంది లోపల్నుంచి అత్తయ్య.

ఆ విమానం ఇప్పటికీ నా కలలోకి వస్తూనే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే కింద మబ్బులు, పుష్యమాసంలో తెల్లవారేటప్పుడు లంకల చుట్టూ ఏటి మీద నిలిచే మంచులాగా. ఇంకాస్త వంగి చూస్తే పడవవాడి పాట వినబడుతుందేమో అనిపించేది. మేం పడమరకి పోతున్నాం కదా, పొద్దు కుంకడం మరిచిపోయింది. ఎంతసేపటికీ అదే సాయంకాలం, అదే పసుపు వెలుగు, ఆ వెలుగులో కిటికీకి నుదురానించుకున్న కమల.

"బావా, ఇది ఆకాశమా, పాలకుండా?"

"లండన్ ఆకాశం ఇలాగే ఉంటుంది" అన్నాను గంభీరంగా. అప్పటికి మేమింకా అరేబియా సముద్రం మీదే ఉన్నాం.

అత్తయ్య మాత్రం ఆకాశం వైపు చూడలేదు. ఒళ్ళో గోంగూర జాడీ పెట్టుకుని, చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. ఎయిర్ హోస్టెస్ వస్తే, "అమ్మాయ్, కాస్త పెరుగుందా తల్లీ?" అంది. నేను చేతులతోనూ, మిగిలిన ఇంగ్లీషుతోనూ అనువదించాను. ఆ అమ్మాయి నవ్వుతూ కప్పులో ఐస్‌క్రీము తెచ్చింది. అత్తయ్య రుచి చూసి, "తోడు సరిగ్గా పడలేదు" అని తీర్పు చెప్పింది.

లండన్ ఎలా ఉందంటే చెప్పలేను, ఎక్కువగా కనబడలేదు. అంతా మంచు. మంచులోంచి ఎర్ర బస్సులు వచ్చి, మళ్ళీ మంచులోకి పోయేవి. మనుషులు కూడా అంతే, కాళ్ళు నేలకి ఆనుతున్నాయో లేదో అన్నట్టు నడిచేవాళ్ళు. ఆ చలికి కమల గొంతు పూర్తిగా పట్టేసింది. మాట్లాడితే బావి గిలక తిరిగినట్టుండేది.

ఒక ఆదివారం చిన్నమావయ్య తన ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారిని భార్యతో సహా భోజనానికి పిలిచాడు. ఆ మహానుభావుడు గోంగూరని చెంచాడు తీసుకుని, అన్నం కలపకుండా నోట్లో పెట్టుకున్నాడు. ముఖం ముందు గులాబీరంగు, తర్వాత కుంకుమరంగు, ఆ తర్వాత మన మిర్చి కళ్ళంలో ఎండే పండుమిరప రంగు. కళ్ళవెంట నీళ్ళు ధారలు.

"అయ్యో, ఏడుస్తున్నాడేంటి పాపం?" అంది అత్తయ్య.

"ఆనందభాష్పాలు అత్తయ్యా. పెద్దవాళ్ళు ఇలాగే మెచ్చుకుంటారు ఇక్కడ."

నా మాట నమ్మి అత్తయ్య ఇంకో గరిటె వేసింది. ఆయన మర్యాదస్తుడు, అదీ తిన్నాడు. అంతటితో ఆగక, ఇంత గొప్ప విందుకి బదులుగా మా అందరినీ తమతోపాటు నాటకానికి రమ్మన్నాడు.

నాటకం అనగానే మావయ్య కళ్ళు వెలిగాయి. తెనాలిలో ఎక్కడ తెర లేచినా ముందు వరుసలో చాప పరిచేది ఆయనే. మావయ్యకొక సిద్ధాంతముంది. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరవాలి. అరవకుండా లేచిపోవడమంటే విస్తట్లో అన్నీ తిని, వంట బాగుందని ఒక్క ముక్క అనకుండా చెయ్యి కడుక్కోవడం లాంటిది. పాడినవాడు చచ్చిపడి ఉన్నాసరే, జనం అడిగితే లేచి, దుమ్ము దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. మా వైపు నటులు అలా ఒకే రాత్రి ఎన్నెన్ని చావులు చచ్చేవారో!

ఈ సిద్ధాంతం తెలిసిన చిన్నమావయ్య ముందే భయపడ్డాడు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. ఇక్కడ నాటకంలో దగ్గినా తప్పే. మా పెద్ద డాక్టరు మన పక్కనే ఉంటాడు."

"నేను నోరెత్తితే ఒట్టు" అన్నాడు మావయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. "నీ సంగతే. శ్రావణం గుర్తుందిగా?"

మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. లోపల ఎర్ర ముఖమల్ కుర్చీలు, పైన పెళ్ళిపందిరిని తిరగేసి వేలాడదీసినట్టు దీపాల గుత్తి. మావయ్య పంచె మీద ఉన్నికోటు, దాని మీద జరీకండువా. వరుసలో ముందు పెద్ద డాక్టరు దంపతులు, పక్కన చిన్నమావయ్య, ఆపైన మావయ్య, అత్తయ్య, కమల, చివర నేను. దీపాలారాయి.

కథ ఒక ముసలి రాజుది. మాటలేవీ అర్థం కాలేదు. అర్థమవకపోవడంలో ఉన్న హాయి ఆ రోజే తెలిసింది. ఆ రాజు గొంతు, తొలకరిలో కాలవకి నీళ్ళొదిలిన రోజున ఎండిన బోదెల్లోకి నీరు మెల్లగా పాకినట్టు, చీకట్లో వరుస వరుసకీ పాకుతూ వచ్చింది. నేను లండన్‌లో ఉన్నానో, తెనాలిలో మావయ్య పరిచిన చాప మీదున్నానో మరిచిపోయాను. చివరికి రాజు నేలకొరిగాడు. ఒరుగుతూ పొడుగాటి మాటొకటి చెప్పాడు. అది ఇంగ్లీషే కావచ్చు గానీ, నాకు పద్యమే వినబడింది. రాగం కూడా వినబడింది. చెప్పి, తల వాల్చేశాడు.

హాలంతా నిశ్శబ్దం. ఒక్క చప్పట్లేదు, ఒక్క ఈల లేదు. మా వైపు అంత నిశ్శబ్దం పడిందంటే ఆ నటుడు మర్నాడు ఊరొదిలి పోవలసిందే. అటు చూస్తే మావయ్య కండువా కొస నోట్లో కుక్కుకుని వణికిపోతున్నాడు, పాపం ఒట్టు వేశాడు కదా. నా గుండె చెరువైపోయింది. ఇంత బాగా చచ్చినవాణ్ణి ఒక్కరైనా మళ్ళీ చావమని అడగరా?

"వన్స్ మోర్!"

కేక వినిపించాకే నేను నిలబడి ఉన్నానని నాకు తెలిసింది. ఆవేశంలో నా గొంతు కీచుగా, ఆడగొంతులా వచ్చింది. అడుసు తొక్కితే కాలు కడుక్కోవచ్చు, కేక వేశాక నోరు కడుక్కుంటే ఏం లాభం? అన్ని తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. మావయ్య శ్రావణం, రేపల్లె బుద్ధిమంతుడు, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. అంతలో చీకట్లోంచి, ఎక్కడో దగ్గరే, బొంగురుగా రెండో కేక.

"వన్స్ మోర్!"

అప్పుడు జరిగింది చూడండి. చచ్చిన రాజు ఒక కన్ను తెరిచాడు. మా వరుస వైపు చూశాడు. మళ్ళీ మూశాడు. కానీ పొట్ట ఆగలేదు, కుదుపులు కుదుపులుగా ఎగిరింది. ఆ కుదుపుకి కిరీటం జారి, దొర్లుకుంటూ వచ్చి, వేదిక అంచున కాసేపు తిరిగి, వాద్యగాళ్ళ మధ్యలో పడింది. హాలంతా గొల్లుమంది. ఏడవాల్సినవాళ్ళు రుమాళ్ళు ముఖానికడ్డం పెట్టుకుని నవ్వారు. తెర గబగబా దించేశారు.

బయటికొచ్చాక పెద్ద డాక్టరు చిన్నమావయ్యని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. మీవాళ్ళలో ఇది జబ్బా, ఆచారమా అని.

"ఆచారమేనండి! ఇద్దరరిచారు కదండి!" అన్నాడు చిన్నమావయ్య కంగారులో తెలుగులోనే.

తిరుగు ప్రయాణం, అబ్బ, ఎంత పొడుగు! వెళ్ళేటప్పుడు కుంకని పొద్దు, వచ్చేటప్పుడు ఎదురొచ్చి మొహాన కొట్టింది. ఏ దేశం మీద ఎగురుతున్నామో తెలీదు. కింద ఇసుక, తర్వాత నీలం, తర్వాత మబ్బులు, మళ్ళీ ఇసుక. నాతో ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య ఖాళీ జాడీని ఒళ్ళో పెట్టుకుని మనసులోనే రేపల్లెలో పందిరి వేయిస్తోంది. నేను కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ, ఇక్కడే దిగిపోయి ఏదో ఒక మబ్బు మీద చిన్న పాక వేసుకుంటే బాగుండునని ఆలోచిస్తున్నాను.

చాలాసేపటికి మావయ్య లేచి నా సీటు దగ్గరకొచ్చాడు.

"మొదటి కేక నీదేగా?"

"నాదే మావయ్యా."

"కీచుగా ఉందేంట్రా?"

"ఆవేశమండి."

"మరి రెండోది? ఎవడో తెల్లోడు నిన్ను వెక్కిరించాడా?"

నేను నోరు తెరిచేలోగా వెనక సీట్లో గిలక తిరిగింది. "అది నాది నాన్నా."

అత్తయ్య జాడీ జారవిడిచింది. "ఏంటే? నువ్వా?"

"బావ ఒక్కడే అరిస్తే పిచ్చోడంటారు. ఇద్దరరిస్తే ఆచారమంటారు. అందుకే అరిచా."

"మగగొంతులా ఉందే?" అన్నాడు మావయ్య.

"జలుబు నాన్నా. శిక్ష వేస్తే మాత్రం ఇద్దరికీ కలిపే వెయ్యి."

మావయ్య కమల వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ కమల వైపు చూశాడు. తర్వాత ఉన్నికోటులోంచి ఎక్కడో నవ్వు మొదలై, జరీకండువా దాకా పాకింది.

"శ్రావణం దాకా ఎందుకులేవే, జ్యేష్ఠంలోనే వేసేస్తా" అన్నాడు అత్తయ్యతో. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఒరే, నిజంగా ఆ పద్యానికి వన్స్ మోర్ పడాల్సిందేరా" అని గొణిగాడు.

ఆనాటి నుంచీ నేనొక వ్రతం పట్టాను. ఇకపై ఈ జన్మలో, ఏ దేశంలోనూ, ఏ రాజు చచ్చినా, ఎంత బాగా చచ్చినా, నా నోట వన్స్ మోర్ రాదు. ఇంట్లో ఆవిడ రాగయుక్తంగా తిట్టినప్పుడు సైతం పెదవి బిగించుకునే ఉంటాను. రాజుల ప్రశాంత మరణానికి నావల్ల ఇక భంగం ఉండదు.

పోతే, కాలవలో నిలబడి చెబుతానన్నాను కాబట్టి ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది కొంచెం ఉంది. చచ్చిన రాజు కన్ను తెరవడం కాదు, అది అక్షరాలా నిజం. కిరీటం దొర్లడం కూడా నిజం. కల్పించింది కేకల వరస. మొదట అరిచింది కమల. జలుబు గొంతు ఆ ఒక్క క్షణం ఎలా విచ్చుకుందో ఆ దేవుడికే తెలియాలి. ఎందుకరిచావే అంటే, "పాపం, ఎవరూ అడగలేదు కదా బావా, జాలేసింది" అంది. అందరూ దాని వైపు తిరుగుతున్నారని చూసి నేను లేచి నిలబడి, నాకు చేతనైనంత బొంగురుగా రెండోది వేశాను. ఇద్దరరిస్తే ఆచారమంటారనే మాటా నాదే. విమానంలో మావయ్య అడిగితే దానిది నేను తీసుకున్నాను, నాది అది తీసుకుంది.

ముందు కేకలు మార్చుకున్నాం. దండలు ఆ తర్వాత.