గీతకు దూరంగా ఒక అవ్వ

నాందేడ్‌లో ఒక ఆసుపత్రిలో షుగరు రోగుల లెక్కలు చూడడం నా ఉద్యోగం. మనిషి వయసెంత, బరువెంత, ఏ మాత్ర ఎంత మోతాదు, షుగరు ఎంత తగ్గింది... వీటన్నిటినీ కలిపి షుగరు చూసిన ప్రతిసారికీ ఒక చుక్క పెట్టి, కంప్యూటర్లో ఒక్కో రోగికి ఒక్కో గీత గీస్తాను. అందరికీ కలిపి ఒకటే గీత గీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మొదలు వాళ్లది, ఎవరి వాలు వాళ్లది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. మా దగ్గర షుగరు ఎక్కువున్నవాళ్లని ప్రతి మంగళవారం రమ్మంటారు, తగ్గినవాళ్లని మూడు నెలలకోసారి. గుడ్డిగా గీత గీస్తే, ఆసుపత్రికి రావడం వల్లే జబ్బు ముదురుతోందని చెబుతుంది కంప్యూటరు. దాని మొహం! అందుకే రాకపోకలకు వేరే సమీకరణం రాసి దీనితో ముడిపెట్టాను. అప్పుడు అందరి చుక్కలూ వాళ్ల వాళ్ల గీతల దగ్గరికి సర్దుకున్నాయి, ఒక్క అవ్వవి తప్ప. మోతాదు పెంచేకొద్దీ ఆమె షుగరు పెరుగుతూనే ఉంది.

ఆ అవ్వది ధర్మాబాద్ పక్కన తెలుగు మాట్లాడే పల్లె. నాందేడ్‌లో మనవడింట్లో ఉండేది. ఆ ఇంట్లో అందరిదీ మరాఠీయే. మా నాన్న రైల్వే ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. వారమంతా మరాఠీలో నెట్టుకొచ్చి, మంగళవారం అవ్వ పక్కన బెంచీ మీద కూర్చుని తెలుగు మాట్లాడేదాన్ని.

"ఏం కూర వండినవ్ బిడ్డా?"

"పప్పు, అవ్వా."

"ఒక్కదాన్నే గదా అని రోజు పప్పేనా? గదేం తిండే!"

ఆ తిట్లకే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒక మంగళవారం, రక్తం చూసే వరసలో నిలబడి ఆమె కొంగుముడి విప్పి బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం చూశాను.

"ఏందవ్వా గిది?"

"ఊకో బిడ్డా. షుగరు తక్కువొస్తే మూడు నెల్లదాంక రావొద్దంటడు డాక్టరు. అప్పటిదాంక నేనెవ్వలతోని మాట్లాడాలె?"

ఆ రోజే డాక్టరుకు చెప్పాల్సింది. నోరు మెదపలేదు. ఆమె రాకపోతే నాకూ ఎవరూ లేరు, అదీ సంగతి. పైగా ఆమె చుక్కలన్నీ మిషను తప్పులని రాసి ఫైల్లోంచి తీసేశాను. తర్వాత చాలా మంగళవారాలు హాయిగా గడిచాయి.

ఒకసారి నుదుటికి కట్టుతో వచ్చింది. "పొద్దుగాల కండ్లు తిరిగి పడ్డ" అంది. మిగతా రోజుల్లో బెల్లం ముట్టదు కదా, ఆ పెద్ద మోతాదుకు షుగరు మరీ పడిపోతోందన్నమాట. డాక్టరు మాత్రం కాగితం చూసి, ఇక ఇన్సులిన్ మొదలుపెడదామన్నాడు. బెల్లం సంగతి, అది నాకు ముందే తెలిసిన సంగతి, అన్నీ ఆమె ఎదుటే డాక్టరుకు చెప్పేశాను. డాక్టరు ఇద్దరినీ కలిపి తిట్టాడు. మాత్రలు పాత మోతాదుకు తగ్గించి, కొన్నాళ్లు ఇంటి దగ్గర్లోనే షుగరు చూపించుకోమని, ఇక్కడికి మూడు నెలల తర్వాత రమ్మన్నాడు.

బయటికొచ్చాక ఆమె నా వైపు చూడలేదు. "నువ్వు చెప్తవనుకోలే" అంది. అంతే.

మంగళవారాలు ఆ బెంచీ మీద ఎవరెవరో కూర్చున్నారు. నేను మాత్రం కంప్యూటరు ముందునుంచి లేచి అటు వెళ్లలేదు.

మూడు నెలలకు వచ్చింది. నుదుటి మీద మచ్చ మిగిలింది. కొంగుకు ముడి లేదు. పరుగున వెళ్లి, "ఎట్లున్నవ్ అవ్వా?" అన్నాను.

"బరీ ఆహే, మ్యాడమ్."

బాగున్నానని మరాఠీలో, డాక్టరుకు చెప్పినట్టే చెప్పి, రక్తం చూడమని నర్సు వైపు వేలు చాపింది.

ఆ సాయంత్రం, తీసేసిన చుక్కలన్నిటి పక్కనా బెల్లం సంగతి రాసి, వాటిని మళ్లీ ఫైల్లో పెట్టాను. కొత్త చుక్క సరిగ్గా గీత మీద పడింది. ఇంటికెళ్లి పప్పే వండుకున్నాను.