మామ్మ కరక్కాయ పట్టు

నిన్న మలికిపురంలో అక్క వంటింట్లో మామ్మ సానరాయి చూడగానే నాకు పాత కుళ్లు మళ్లీ పుట్టుకొచ్చింది.

మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, సాన మీద కరక్కాయ అరగదీస్తుంటే వచ్చే ఆ వగరు వాసన. చిన్నప్పుడు అక్క చీలమండ బెణికి వాచింది. మామ్మ ఆ కాలు ఒళ్లో పెట్టుకుని రోజూ పట్టు వేసేది. అక్కకి నొప్పి తగ్గుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఓర్వలేక నేనూ కుంటడం మొదలుపెట్టాను. మామ్మ నాకూ పట్టు వేసింది. మర్నాడు మర్చిపోయి రెండో కాలు కుంటుతూ వెళ్లాను.

“నొప్పి ఈ కాల్లోకొచ్చిందేంటే?” అని నవ్వి, దానికీ వేసింది.

“ఆ రాయి నాకిచ్చెయ్యక్కా,” అన్నాను నిన్న.

అక్క దాన్ని తీసి పైఅరలో పెట్టేసింది. “ఇవ్వను. దెబ్బ తగిలిందని నాకేసింది మామ్మ. తగల్లేదని తెలిసి కూడా నీకేసింది. ఆ రాయైనా నా దగ్గరుండనీ.”