చెయ్యి వదలని గైడమ్మ

మాకు కొండ ఎక్కడం నేర్పిస్తానన్న గైడమ్మకి ఒక అలవాటుండేది. పలకరింపుగా చెయ్యి కలిపితే ఒక పట్టాన వదిలేది కాదు. బూర్గంపాడు టీకొట్టులో కూర్చుని ప్రయాణం ఖాయం చేసుకుంటున్న రోజు నా చెయ్యీ అలాగే పట్టుకుంది. నా అరచెయ్యంతా చెమట. ఎత్తులంటే నాకు వణుకని ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పక్కనే కూర్చున్న మా బామ్మర్ది జన్మంతా ఏడిపిస్తాడు.

"మొదలు మా బావనే ఎక్కియ్యక్కా," అన్నాడు వాడు నవ్వుతూ.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది.

"లేదు తమ్మీ. నువ్వు ఎక్కుతుంటే అన్న కింద నిలబడి నీ తాడు పట్టుకుంటడు. ఎట్ల పట్టాల్నో నేను నేర్పిస్త," అని, అప్పుడు వదిలింది నా చెయ్యి.

బామ్మర్ది నవ్వు ఆగిపోయింది. "బావా, జర గట్టిగ పట్టుకో," అన్నాడు.

చల్లారిపోయిన టీని అంత కమ్మగా నేనెప్పుడూ తాగలేదు.