చర్చి ఊళ్ళోనా, పేటలోనా?

అది 2022. కోవిడ్ తగ్గి, ఆఫీసులు తలుపులు తెరిచి, బెంగళూరులో బెళ్ళందూరు రోడ్లు మళ్ళీ ఎప్పటిలా మనిషిని కదలనివ్వని రోజులు. అక్కడ ఒక ప్లే స్కూల్ మేడ మీది హాలు ఆదివారం పూట మాకు ఇచ్చారు. గోడల నిండా ఏనుగులు, ఆపిల్ పండ్లు, రంగురంగుల అక్షరాలు. పిల్లల బుల్లి కుర్చీలు ఒక మూల పేర్చి, మేం తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీలు వేసుకునేవాళ్ళం. అదే మా కొత్త సంఘం.

నా పని చర్చ్ ప్లాంటింగ్. ఉన్న చర్చిలో పాస్టరుగా కుదురుకోవడం కాదు, లేనిచోట సంఘాన్ని మొదలుపెట్టి, అది తన కాళ్ళ మీద నిలబడ్డాక ఇంకోచోటికి వెళ్ళడం. మొదట కొన్ని కుటుంబాలతో కోర్ టీమ్ ఏర్పడుతుంది, అంటే బరువు మోసే జట్టు. అద్దె హాళ్ళలో కొన్నాళ్ళు కూడుకుని, గట్టిపడ్డాక అందరినీ పిలిచి లాంచ్ సండే జరుపుతాం. ఆ రోజు నుంచి అది నలుగురికీ తెలిసిన సంఘం. మమ్మల్ని పంపే పెద్ద చర్చిని మదర్ చర్చ్ అంటాం. పుట్టింటి లాంటిదే. పెట్టుపోతలూ ఉంటాయి, పెత్తనమూ ఉంటుంది.

బెంగళూరులో ఈ పనికి మల్టీకల్చరల్ అనే మాట తగిలించారు. మలయాళీలు, తమిళులు, కన్నడిగులు, నాగాలు, మన తెలుగువాళ్ళు అందరూ కలిసి ఒకే సంఘం. బెంగళూరు పొలిమేరలో, తమిళనాడు సరిహద్దు దగ్గరి ఆనేకల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడ మాట్లాడుతూ పెరిగినవాణ్ణి కాబట్టి నన్ను పంపారు. ఆ మాట మీద నాకు నిజంగా నమ్మకం ఉండేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే ముందు ఒళ్ళు మండుతుంది.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉండేది. ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్ళు తమ ఇంట్లో వండి తేవాలి, అందరం కింద కూర్చుని తినాలి. హోటలు నుంచి తెప్పించడం కుదరదని మొదటి రోజే చెప్పాను. ఒకరి పొయ్యి మీద ఉడికింది ఇంకొకరు తింటేనే సంఘం అవుతుందని నా పిచ్చి. నాగా దంపతులు పొగలో ఆరబెట్టిన పంది మాంసం వండి తెచ్చిన ఆదివారం మా విక్టర్ గారు రెండోసారి వడ్డించుకుని, ప్లేటుతో ఫొటో దిగి, "పాస్టర్, దిస్ ఈజ్ హెవెన్!" అన్నారు. నేనూ మురిసిపోయాను.

ఈ విక్టర్ గారు మా కోర్ టీమ్‌కి పెద్ద దిక్కు. కోస్తా నుంచి వచ్చి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరుగా చేస్తూ, బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. ఆయన మాట మీద నడిచే తెలుగు కుటుంబాలు ఇంకో మూడున్నాయి. ఆయన భార్య షీలా గారు ప్రభు బల్లకి రొట్టె కాల్చి తెచ్చేవారు. ప్రభు బల్ల అంటే తెలియనివాళ్ళకి చెబుతాను: ఒకే రొట్టె విరిచి, బాప్తిస్మం పొందినవాళ్ళందరం తలా ఒక ముక్క తింటాం. మేమంతా ఒకే శరీరమని దాని అర్థం.

ఒక ఆదివారం సువార్తమ్మ వచ్చింది. మడకశిర పక్క పల్లె. పెనిమిటి పోయాక బెంగళూరు చేరి, బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తోంది. మెట్లు తుడవడం, చెత్త ఎత్తడం. అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే మా బీనా సిస్టర్, ఆవిడ మలయాళీ, ఈమె లిఫ్టు తుడుస్తూ పాట పాడుకుంటుంటే విని పిలుచుకొచ్చారు. సువార్తమ్మ బెరుకు లేకుండా ముందు వరసలో కూర్చుంది. నాకు భలే నచ్చింది.

ఆరాధన అయ్యాక షీలా గారు నవ్వుతూ ఆమె దగ్గరికి వెళ్ళారు. "ఏ ఊరమ్మా మీది? అక్కడ మీ చర్చి ఊళ్ళోనా, పేటలోనా?"

కుర్చీలు సర్దుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఇది మన తెలుగు క్రైస్తవులకు మాత్రమే వచ్చిన ప్రశ్న. బీనా సిస్టర్‌కి అర్థం కాలేదు, ఏదో క్షేమసమాచారం అనుకున్నారు. ఊరంటే పై కులాలవాళ్ళుండేది, పేటంటే ఊరవతల దళితులుండేది. కులం పేరు ఎత్తకుండా కులం కనుక్కునే విద్య ఇది. నీళ్ళలో మునిగి లేచినా పోని మురికి ఇందులో ఉంది.

"పేటలోనేమ్మా," అంది సువార్తమ్మ. ప్రశ్న ఎందుకో ఆమెకు బాగా తెలుసు. "ఊళ్ళో మమ్మల్ని ఎవురు కట్టుకోనిస్తారు?"

షీలా గారు "ఓహో, మంచిదమ్మా" అని పక్కకు వెళ్ళిపోయారు.

రెండు నెలలు గడిచాయి. సువార్తమ్మ నన్ను అడిగింది, "అయ్యగారూ, అందరూ వండుకొస్తా ఉండారు. నా వంతు ఎప్పుడు?" వచ్చే వారమే అన్నాను. ఆ శనివారం సెలవు పెట్టుకుని, తను ఉండే రేకుల షెడ్డులో, పక్కింటి పొయ్యి కూడా అడిగి తీసుకుని, రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసింది. ఆటోలో గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మూత తీస్తే హాలంతా వాసన.

ఆ రోజు విక్టర్ గారికి ఉపవాసం గుర్తొచ్చింది. ఇంకో ఇంటివాళ్ళకు చుట్టాలు వస్తున్నారట. మూడో ఆయనకు కడుపు బాగాలేదు. నాలుగో కుటుంబం చెప్పా పెట్టకుండా మెట్లు దిగింది. షీలా గారు తన పిల్లలను ఒక మూలకు తీసుకెళ్ళి, సంచిలోంచి డబ్బా తీసి పులిహోర పెట్టారు. ఇంట్లోనే కలిపి తెచ్చారు! అంటే తినకూడదని ముందే నిర్ణయించుకుని బయలుదేరారన్నమాట. నాగావాళ్ళూ, బీనా వాళ్ళూ చేతులు నాక్కుంటూ తిన్నారు.

సువార్తమ్మ అన్నీ చూసింది. చూసి, షీలా గారితో తనే అంది, "కారం ఎక్కువైందేమోలేమ్మా. పిల్లోళ్ళు తినలేరు." అవమానం చేసినవాళ్ళకు సాకు కూడా ఆమే వెతికిపెట్టాలా? ఆ మాట వినగానే నాకు రక్తం మరిగింది.

ఆ వారమే విక్టర్ గారింట్లో కోర్ టీమ్ మీటింగ్. విషయం నేను ఎత్తకముందే ఆయన ఎత్తారు. "పాస్టర్, డోంట్ మిస్‌అండర్‌స్టాండ్. హౌస్‌కీపింగ్ వాళ్ళకి సెపరేట్‌గా తెలుగు సర్వీస్ స్టార్ట్ చేద్దాం. మీ ఆనేకల్ సైడ్ అయితే వాళ్ళకీ కంఫర్ట్‌గా ఉంటుంది. హార్ట్ లాంగ్వేజ్‌లో వర్షిప్ చేసుకుంటారు."

హార్ట్ లాంగ్వేజ్ అంటే మా వృత్తిలో మంచి మాట. మనిషి మనసు విప్పి ప్రార్థించుకునే భాష. ఆ మంచి మాటను ఇలా వాడొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"ఆమెది తెలుగు. మీది తెలుగు. నాది తెలుగు. ఇందులో ఎవరి మాట ఎవరికి అర్థం కావడం లేదండీ?" అన్నాను.

"భాష ఒక్కటే కాదండీ," అన్నారు షీలా గారు. "హైజీన్ చూసుకోవాలి కదా. ఆ షెడ్లలో ఎలా వండుతారో ఏంటో."

"పంది మాంసం ఏ షెడ్డులో ఆరిందో అడిగారామ్మా?"

"అది వాళ్ళ కల్చర్ అండీ," విక్టర్ గారు మధ్యలో వచ్చారు. "దానికీ దీనికీ లింక్ పెట్టకండి."

"దేశానికి ఆ చివరి నుంచి వచ్చినవాళ్ళది కల్చర్. మన భాష మాట్లాడే మనిషిదయితే హైజీనా? పైకి చెప్పండి, విక్టర్ గారూ. చర్చి పేటలో ఉందనే కదా?"

ఆయన ముఖం ఎర్రబడింది. తమ నాలుగు కుటుంబాలూ తప్పుకుంటే లాంచ్ ఎలా జరుగుతుందో చూసుకోమన్నారు. మర్నాడు మదర్ చర్చ్ నుంచి, మా ప్లాంటింగ్ పనులన్నీ చూసే డైరెక్టర్ గారి ఫోను. "బ్రదర్, లాంచ్ దగ్గర పడింది. యూనిటీ ముఖ్యం. కాస్త సర్దుకుపోండి." ఎవరు సర్దుకోవాలో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. సర్దుకునేవాళ్ళు ఎప్పుడూ ఒకవైపే ఉంటారు.

ఆ ఆదివారం సువార్తమ్మ రాలేదు. సోమవారం ఆమె పనిచేసే చోటికి వెళ్ళాను. సెక్యూరిటీ మనిషి "యారు బేకు?" అని, ఎవరు కావాలో కన్నడలో అడిగి, హౌస్‌కీపింగ్ అనగానే వెనక గేటు చూపించాడు. సర్వీస్ లిఫ్టు దగ్గర ఆమె బకెట్ పక్కన పెట్టి నిలబడింది.

"మాకు వేరే గుడి పెడతారంట కదా అయ్యగారూ?" అంది. ఎవరో చెప్పేశారు. "మా పేటలో మాకు గుడి ఉండాది. వేరే గుడే కావాలంటే ఆడే ఉందును కదప్పా. ఇంత దూరం ఎందుకొస్తాను?"

నాకు కోపం దండిగా వచ్చింది. ఆ కోపంలోనే నాకు దారి తోచింది. భోజనానికైతే ఉపవాసమనీ కడుపునొప్పనీ తప్పించుకోవచ్చు. ప్రభు బల్ల దగ్గర ఏ సాకు చెబుతారు?

"సువార్తమ్మా, లాంచ్ రోజు బల్లకి రొట్టె నువ్వు చేయాలి," అన్నాను.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నీకు వాళ్ళ మీద కోపం చూపించాలని ఉండాదా, నాకు రొట్టె ఇయ్యాలని ఉండాదా?"

"రెండూ ఉన్నాయి."

"సరే. నిజం చెప్పినావు. చేస్తాను."

లాంచ్ రోజు హాలు నిండిపోయింది. మదర్ చర్చ్ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. ఐదు భాషల్లో పాటలు పాడాం. రొట్టె చేతికెత్తి, ఇది సువార్తమ్మ తన ఇంట్లో కాల్చిన రొట్టె అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పి విరిచాను. బీనా సిస్టర్ అందరికంటే ముందు వచ్చారు. పెద్దలు చూస్తున్నారు కాబట్టి ఆ నాలుగు కుటుంబాలూ వరసలో నిలబడ్డాయి. విక్టర్ గారి అరచేతిలో నేనే ముక్క పెట్టాను. ఆయన గుప్పిట మూసి, తల వంచి, వెళ్ళి కూర్చున్నారు. గెలిచాననుకున్నాను.

అందరూ వెళ్ళాక హాలు సర్దుతున్నాం. ఆదివారం కూడా చీపురు పట్టవద్దంటే సువార్తమ్మ వినదు. విక్టర్ గారు కూర్చున్న చోట, ఏనుగు బొమ్మ పక్క కిటికీ అంచు మీద, నలిపిన టిష్యూ కాగితం ఆమె చేతికి దొరికింది. విప్పింది. లోపల రొట్టె ముక్క.

"ఎవురో మర్చిపోయినారు," అంది.

"మర్చిపోలేదు!" అని అరిచాను. ఖాళీ హాల్లో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"తెలుసప్పా. నాకు తెలీదా?" అంది. "అరవద్దు. ప్రభువు రొట్టె. పారెయ్యకూడదు." నిలబడే నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి మింగి, మళ్ళీ చీపురు అందుకుంది.

విక్టర్ గారిని మర్నాడు ముఖం మీదే అడిగాను. "నాకు గోధుమ పడదండీ, డాక్టర్ వద్దన్నారు," అన్నారు. మొన్నటిదాకా షీలా గారి గోధుమ రొట్టె బాగానే పడింది! ఆ బల్ల దగ్గర తినలేని మనిషి సంఘాన్ని నడపలేడని చెప్పి, కోర్ టీమ్ నుంచి తప్పుకోమన్నాను. నాలుగు కుటుంబాలూ వెళ్ళిపోయి బ్రూక్‌ఫీల్డ్‌లో సొంత సంఘం పెట్టుకున్నాయి. బోర్డు మీద మల్టీకల్చరల్ అని పెద్ద అక్షరాలు.

తర్వాత జరిగిన మదర్ చర్చ్ సమావేశంలో డైరెక్టర్ గారు ఆ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించారు. మా భాషలో దాన్ని మల్టిప్లికేషన్ అంటారు, ఒక సంఘం పెరిగి రెండవడం. నేను లేచి, "అయ్యా, ఇది పెరగడం కాదు. కులం దగ్గర తెగడం," అన్నాను. నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. అప్పటినుంచి అలాంటి సమావేశాలకు నన్ను పిలవడం తగ్గించారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను సలహా అడుగుతారు. ఎన్ని రాష్ట్రాలవాళ్ళు వస్తున్నారో, ఎన్ని భాషల్లో పాడుతున్నారో నాకు చెప్పవద్దంటాను. ఎవరి వంట ఎవరు తినడం లేదో చూసి రమ్మంటాను. దూరపువాళ్ళతో కలిసి తినడం సులువు, వాళ్ళ ఊళ్ళో చర్చి ఎటువైపుందో మనకు తెలియదు కాబట్టి. ఆ అనుభవం నాకు నేర్పింది అదే, నా కోపం ఇంకా చల్లారలేదు కూడా.

బెళ్ళందూరు సంఘంలో బల్లకి రొట్టె ఇప్పటికీ సువార్తమ్మే చేస్తుంది. ఎవరినీ రావద్దని నేను అనను, విక్టర్ గారు వచ్చినా కుర్చీ వేస్తాను. రొట్టె మాత్రం మార్చను.