తమ సముద్రం కాదన్నవాళ్ళు

దవడ విరిగాక మా అన్నయ్య మాట ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. అందుకే కంపెనీ లాయరు వాంగ్మూలం రాసుకోవడానికి బెంగాల్లో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు నేను పక్కన కూర్చుని ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పాను.

అన్నయ్య ఒక విదేశీ కంపెనీ రిగ్గు మీద వెల్డరు. నడిసముద్రంలో చమురు తవ్వుకోమని ఆ కంపెనీకి ఒక దేశం అనుమతి ఇచ్చింది. ప్రభుత్వం మారగానే రద్దుచేసి ఖాళీ చెయ్యమంది. కంపెనీ కదల్లేదు. ఒక ఉదయం రెండు పడవల్లో సైనికులొచ్చారు. ఇది మా సముద్రం అని మైకులో అరుస్తూ పైకెక్కి, అందరినీ చేతులు తల మీద పెట్టించి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. తుపాకీ మడమతో అన్నయ్య మొహం మీద కొట్టారు. పళ్ళు ఇనుప పలకల మీద రాలాయి. పక్కనే ఉన్న వంటమనిషి, మా దగ్గరి బడ్జ్ బడ్జ్ ఊరి నుంచి వెళ్ళిన బెంగాలీ, అన్నయ్యని పట్టుకోబోయాడు. నలుగురు అతని మీద పడి తల పగిలేదాకా కొట్టారు. అక్కడే చచ్చిపోయాడు.

లాయరు ఇదంతా విన్నాడు కానీ రాసుకోలేదు. తీరానికి ఎన్ని మైళ్ళు, రిగ్గు కాళ్ళు సముద్రం అడుగున దిగి ఉన్నాయా అని మాత్రం అడిగాడు. విదేశీ పెట్టుబడులకి రక్షణ ఇస్తామన్న ఒప్పందం తమ భూభాగానికే చెల్లుతుందని, అంత దూరపు నీళ్ళు తమ భూభాగం కాదని కంపెనీ వేసిన దావాలో ఆ దేశం ఇప్పుడు మధ్యవర్తుల ముందు వాదిస్తోందట.

అది అన్నయ్యకి తెలుగులో చెప్పాను.

"మాదే అని కొట్టినారు గదా. ఇప్పుడు మాది కాదంతన్నారేటి?"

చమురు మీద హక్కు వేరు, భూభాగం వేరు అని లాయరు చెప్పబోయాడు. అన్నయ్య లేచి అతని కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. కళ్ళజోడు పడి పగిలింది. పెదవి చిట్లింది. నేను వెనక నుంచి లాగాను. నిజం చెప్పాలంటే గట్టిగా లాగలేదు.

"ఆ వంటోడి సావు రాయమను సెల్లీ. రాత్తేనే సంతకం."

లాయరు పెదవి తుడుచుకుని, చివర ఆ చావు గురించి మూడు వాక్యాలు రాశాడు. అన్నయ్య సంతకం పెట్టాడు.

కొన్నాళ్ళకి, ఒప్పందం ఆ నీళ్ళకీ వర్తిస్తుందని తీర్పొచ్చింది. కంపెనీ గెలిచింది. తీర్పు మొత్తం చదివాను. వంటమనిషి ఊసే లేదు.

ఆ వారమే అన్నయ్య వాంగ్మూలం నకలు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని బడ్జ్ బడ్జ్ వెళ్ళాడు. వంటమనిషి మెట్ల మీద జారిపడి చచ్చిపోయాడని కంపెనీ అతని భార్యకి చెప్పింది. జూట్ మిల్లు వెనక ఒంటిగదిలో నేను ఆ మూడు వాక్యాలూ ఆమెకి బెంగాలీలో చెప్పాను. ఆయన్ని కొడుతుంటే నువ్వేం చేస్తున్నావని ఆమె అన్నయ్యని అడిగింది.

అన్నయ్య నేల మీద మోకరిల్లి, చేతులు తల మీద పెట్టి చూపించాడు.

ఆమె అతని చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. అడ్డం వెళ్ళబోతే అన్నయ్య నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. చేతులు దించలేదు. ఓపిక అయిపోయేదాకా కొట్టి, ఆమె అతని ఎదురుగా కూలబడి, ఆ మూడు వాక్యాలూ ఇంకోసారి చెప్పమని నన్నడిగింది.

చెప్పాను.